చివరి రెండు వరుసల గుడ్లు

నిన్న బడి ఇడిసినంక మా మనుమరాలు అరుగు మీద కూసొని లెక్కలు చేస్తుంది. నేను పక్కన కూసొని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న. అది పుస్తకంల ఉన్నది ఉన్నట్టు గట్టిగ చదివింది. "ఒక తరగతి నుండి ముప్పై ఆరు మంది విద్యార్థులు విహారయాత్రకు వెళ్ళారు. వారిలో నాలుగింట మూడు వంతుల మంది అన్నం డబ్బా తెచ్చుకున్నారు. తెచ్చుకోని వారెందరు?"

పెన్సిలు నోట్ల పెట్టుకొని జరసేపు చూసి, తొమ్మిది అని రాసింది. లెక్క కరెక్టే.

"మరి ఆ తొమ్మిది మంది ఏం తిన్నరు?" అని అడిగిన.

"అది అడగలే అమ్మమ్మా" అన్నది.

పిల్లది. దానికేం తెలుసు. పుస్తకంల లేనిది లేదన్నది. కని నా ఒళ్ళంత మండింది. చిక్కుడుకాయల చాట పక్కకు నూకి లేచి వాకిట్లకు పోయిన. లోపటినుంచి మా బిడ్డ "ఏమైందమ్మా?" అన్నది. ఏమైందని చెప్పాలె? ఎన్నేండ్ల కిందటి సంగతి. నాకు గప్పుడు పన్నెండేండ్లు ఉంటయ్.

ముందుగాలనే ఒక మాట. ఇందుల ఎవ్వరి పేర్లు రాయను. హాస్టల్ ఏ ఊర్ల ఉండెనో గూడ రాయను. మానుకోట దిక్కు అనుకోండ్రి. భయపడి కాదు. కొందరి పేర్లు నా చేతితోటి రాయబుద్ధి కాదు. ఒక్కామె పేరు మాత్రం రాసే హక్కు నాకు లేదు. ఆమెను నా దోస్తు అనే రాస్త. గట్ల రాసుడుకు గూడ నాకు హక్కున్నదో లేదో.

*

మాది పెద్దవంగర దిక్కు ఊరు. మా ఊర్ల అయిదో తరగతి దాకనే బడి. ఇగ సదువు బందు పెడ్తరనుకున్న గని, మా నాయిన ఎవరినో పట్టుకొని ఆడపిల్లల సర్కారు హాస్టల్ల సీటు తెచ్చిండు. రేకు పెట్టె, రెండు జతల బట్టలు, మా అవ్వ చేసిచ్చిన సర్వపిండి మూట పట్టుకొని బస్సు దిగినం. గేటు కాడ మా నాయిన "మంచిగ సదువుకో బిడ్డా, అన్నం పెడ్తరు" అన్నడు. ఆయన లెక్కల సదువు, అన్నం రెండు ఒక్కటే.

ఆ హాస్టల్ అంటె నాకు ఇప్పటికి మొదలు యాదికొచ్చేది వాసన. రేకుల కప్పు కింద డెబ్బై రెండు మంది ఆడపిల్లల తలనూనె వాసన. ఆరని బట్టల వాసన. వంటింట్ల దొడ్డు బియ్యం ఉడికేటప్పుడు వచ్చే బూజు వాసన. అన్నంల తెల్ల పురుగులు ఉంటుండె. ఏరి తలె అంచుకు పెట్టి, మిగిలింది తింటుంటిమి. పప్పు గిన్నెల గంటె ముంచితె నీళ్ళు, లేపితె నీళ్ళు.

ఆదివారం ఒక్కనాడు గుడ్డు కూర. శనివారం నుంచే ఎదురుచూపు. ఉల్లిగడ్డ, చింతపులుసు, ఎర్రకారం కలిసి మరుగుతుంటె ఆ వాసనకు బావి కాడ బట్టలు ఉతికేటోళ్ళు గూడ చేతులు ఆపుతుండె.

తినేకాడ పన్నెండు మందికొక్క వరుస, మొత్తం ఆరు వరుసలు. ఎవరు ఏ వరుసల కూసోవాలెనో వార్డెనమ్మ చెప్పింది. ముంగటి వరుసలల్ల ఊర్లల్ల పలుకుబడి ఉన్నోళ్ళ బిడ్డలు, అటెనుక మా అసొంటోళ్ళం. చివరి రెండు వరుసలల్ల తండాల పిల్లలు, తల్లిదండ్రులు చూడనీకి రానోళ్ళ పిల్లలు. ఎవ్వరం అడగలే, ఎందుకు గిట్ల అని. హాజరు పిలిచినట్టే అనుకున్నం.

నేను మొదట్ల నాలుగో వరుస. నా రాత గుండ్రంగ ఉంటదని, గట్టిగ చదువుతనని వార్డెనమ్మ నన్ను లీడర్ చేసింది. లీడరయినంక మొదటి వరుసల కూసున్న. ఒక కొబ్బరినూనె సీసా గూడ ఇచ్చింది, నా ఒక్కదానికే. నేను ఎంత సంబురపడ్డనో ఇప్పుడు తలుచుకుంటె సిగ్గయితది.

*

నా దోస్తుది గూడూరు అవతల అడివి అంచున తండా. చివరి వరుసల కిటికి పక్కన కూసుంటుండె. సన్నగ, నల్లగ, ఎప్పుడు ఒక కాలు మీద నిలవడే అలవాటు. ఇంట్ల వాళ్ళ భాష వేరే. తెలుగు బడికి వచ్చినంకనే నేర్చుకున్నది. తల్లిని యాడి అంటుండె. వాళ్ళ నాయిన మ్యాకల్ని పాలుకు సాదుతుండె. మ్యాకలు షావుకారువి, మేపుడు వీళ్ళది, ఈనిన పిల్లలల్ల సగం వాళ్ళకు, సగం వీళ్ళకు. ఒక సారి సగం, ఒక సారి మూడోపాలు, కరువొస్తె ఇంకో తీరు. చిన్నప్పటి నుంచి ఈ పంపకాలు వినుకుంట పెరిగింది.

మా లెక్కల సారు ఆంధ్ర దిక్కు నుంచి వచ్చినాయన. మంచిగ చెప్తుండె, అబద్ధం ఎందుకు. కని మేము నోరు తెరిస్తె నవ్వుతుండె. "వచ్చినం కాదు, వచ్చాము. ఏందిసార్ కాదు, ఏమిటండీ. ఇది తెలుగేనా మీది?" అని క్లాసంత నవ్విస్తుండె. మేము గూడ బావి ఎనుక చేరి, కండువ సర్దుకున్నట్టు చేసి "ఏమిటండీ, ఎక్కడికండీ" అని ఆయన లెక్క మాట్లాడి పడి పడి నవ్వుతుంటిమి. నా దోస్తు అందరికంటె మంచిగ చేస్తుండె ఆయన గొంతు.

భిన్నాలు చెప్పేటప్పుడు సారు బోర్డు మీద ఒక లెక్క రాసిండు. ఒక మందల నలభై ఎనిమిది మేకలు, వాటిల నాలుగింట మూడు వంతులు ఆడవి, ఆడవాటిల మూడో వంతు ఈనినయ్, ఈననివి ఎన్ని? మేము ఇంకా నలభై ఎనిమిది రాసుకుంటుంటిమి. చివరి బెంచీ నుంచి నా దోస్తు "ఇరవై నాలుగు" అన్నది.

"ఎక్కడ చూసి చెప్పావ్?" అన్నడు సారు.

"మ్యాకలే గద సార్" అన్నది.

సారు నవ్వలే. దగ్గరికి పిలిచి ఇంకో లెక్క ఇచ్చిండు, ఇంకోటి ఇచ్చిండు. అన్ని చెప్పింది. ఆ దినం నుంచి ఆయనకు ఆమె అంటె జర గౌరవం. నాకు భిన్నాలు తలకెక్కకపోతుండె. ఆమెనే చింతగింజలు కుప్ప పోసి నేర్పింది. "గుంపును ముందు సమానంగ పంచు. అటెనుక ఎన్ని కుప్పలు కావాల్నో గన్నే తీసుకో. గంతే." గా ఒక్క మాట తోటి నేను పాసైన. బదులుగ నేను ఆమెకు పుస్తకాల తెలుగు నేర్పిన. ఇయ్యబడినది, కలవు, వానిలో అనే మాటలు. ఆ మాటలంటె ఆమెకు నవ్వు. "గిట్ల ఎవరు మాట్లాడ్తరే?" అంటుండె.

వాళ్ళ యాడి పంపిన జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ కారం ఇద్దరం కలిసి తింటుంటిమి. వానకాలంల హాస్టల్ గోడ ఎక్కి అవతలి చేన్ల మక్క కంకులు ఇరుసుకొచ్చి, వంట చేసే అవ్వను బతిమిలాడి పొయ్యి నిప్పుల మీద కాలుస్తుంటిమి. ఆ అవ్వ తిట్టుకుంటనే కాల్చిస్తుండె.

*

ఆదివారం పొద్దున ఉడికిన గుడ్లు ఒలిచే పని లీడర్లది. మేము నలుగురం. వేడి గుడ్లు చల్లనీళ్ళల్ల ఏసి ఒలుస్తుంటె వేళ్ళు కాలుతుండె. ఒక్కొక్కళ్ళం పన్నెండు గుడ్లు ఒలుస్తుంటిమి. వడ్డించేది గూడ నేనే. ముంగటి నుంచి మొదలు పెడ్త. నాలుగో వరుస అయిపోంగనే బకెట్ల గుడ్లు అయిపోతయ్. చివరి రెండు వరుసలకు పులుసు పోస్త.

ప్రతి ఆదివారం గట్లనే.

నాకు తెలువదా? నలుగురు, పన్నెండు. ఆ లెక్కకు భిన్నాలు గూడ అక్కర లేదు. అన్ని తెలుసు. అయినా నేను ముంగటి వరుసల కూసొని నా గుడ్డు పచ్చసొన చివరికి దాచుకొని తింటుంటి.

ఒక దినం నా దోస్తు పులుసుల అన్నం కలుపుకుంట, బకెటు పట్టుకున్న నా మొఖం చూసింది. ఆ చూపు నన్ను ఇడువలే. అటెనుక వారం నా గుడ్డుల సగం దారంతోటి కోసి, కాగితంల చుట్టి, లంగ జేబుల పెట్టుకపోయి బావి ఎనుక ఆమెకు ఇచ్చిన. తిన్నది. రెండు వారాలు తిన్నది. మూడో వారం చెయ్యి నూకేసింది.

"ఒద్దు."

"ఎందుకే?"

"నీ సగం నాకెందుకు? నా గుడ్డు నాకు కావాలె. శనివారం నాడు రిక్షల అట్టలు దిగుతుంటె నేను లెక్కపెట్టిన. ముప్పై గుడ్ల అట్టలు రెండు, గంపల పన్నెండు. డెబ్బై రెండు వచ్చినయ్. నువ్వు ఎన్ని ఒలిచినవ్?"

నేను గుడ్డు మళ్ళ కాగితంల చుడుతున్న.

"చెప్పు, నలుగురు కలిసి ఎన్ని ఒలిచిన్రు?"

"నలభై ఎనిమిది" అన్న.

"మరి ఇరవై నాలుగు ఎటు పోయినయ్?"

ఎటు పోయినయో ఇద్దరికి తెలుసు. వార్డెనమ్మ తమ్మునికి బస్టాండు కాడ చిన్న హోటల్ ఉండె. ఆదివారం పొద్దుగాల్నే ఆయన సైకిలు గేటుల నుంచి లోపటికి వస్తుండె. పోయేటప్పుడు ఎనుక కట్టిన గంప మీద తువ్వాల కప్పి ఉంటుండె. బడికి పోయే తొవ్వల ఆ హోటల్ ముంగట కోడిగుడ్డు బజ్జీలు ఏగుతుంటె ఆ నూనె వాసన మేమే పీల్చుకుంట పోతుంటిమి.

"సారుకు చెప్తా" అన్నది.

"ఒద్దే. మనల్ని ఎల్లగొడ్తరు."

"నిన్ను ఎందుకు ఎల్లగొడ్తరు? నువ్వు ముంగటి వరుస గద" అన్నది. కోపంగ అనలే. ఉన్న మాట చెప్పినట్టే అన్నది.

*

బతుకమ్మ సెలవులు ఇంకో వారం ఉన్నయనంగ, పైనుంచి పెద్దసారు తనిఖీకి వస్తుండని తెలిసింది. హాస్టల్ అంత కడిగినం. ముగ్గులు పెట్టినం. ఆ దినం అన్నంల ఒక్క పురుగు లేదు. పప్పుల గంటె నిలవడ్డది.

పగటీలి పెద్దసారు వచ్చిండు. మమ్ముల హాల్ల కూసోబెట్టిన్రు. లెక్కల సారును గూడ పిలిపించిన్రు. పెద్దసారు ఖుషీగనే ఉన్నడు. "లెక్కలు ఎట్లున్నయ్ పిల్లలూ?" అని అడిగిండు. మా లెక్కల సారు ముంగటికి వచ్చి "మా పిల్లలు లెక్కలు చేయడమే కాదండీ, సొంతంగా తయారు చేస్తారండీ" అన్నడు.

"అట్లనా? ఏదీ, ఒక్కరు చెప్పండ్రి."

మొదటి వరుసల ఒకామె లేచి మామిడికాయల లెక్క చెప్పింది. చప్పట్లు కొట్టిన్రు. "ఇంకెవరు?"

చివరి వరుసల నా దోస్తు లేచింది. ఒంటి కాలు మీద కాదు, రెండు కాళ్ళ మీద నిలవడ్డది. చేతులు కట్టుకొని, నేను నేర్పిన పుస్తకాల తెలుగుల, ఒక్క అక్షరం తప్పు పోకుండ మొదలుపెట్టింది.

"ఒక వసతి గృహమునందు డెబ్బది ఇద్దరు బాలికలు కలరు. ఆదివారమునాడు వారిలో మూడింట రెండు వంతుల మందికి మాత్రమే కోడిగుడ్డు ఇయ్యబడినది. అయినచో గుడ్డు దొరకని వారెందరు?"

బయట ఎవరో బకెటు కింద పెట్టింది వినవడ్డది.

"ఇరవై నలుగురు" అని చిన్న పిల్ల ఒకతి అన్నది. దానికి సంగతి తెలువదు, లెక్క తెలిసింది.

"శభాష్!" అన్నడు పెద్దసారు.

నా దోస్తు కూసోలే. "ఇంకొక ప్రశ్న ఉన్నది సార్" అన్నది. ఇప్పుడు పుస్తకాల తెలుగు లేదు. "ఆ ఇరవై నాలుగు గుడ్లు ఎవలు తింటున్రు?"

పెద్దసారు నవ్విండు. గా నవ్వు నా చెవులల్ల ఇప్పటికి ఉన్నది. "అది లెక్కలల్ల రాదమ్మా" అన్నడు. అని, మళ్ళ ఏమనిపించిందో వార్డెనమ్మ దిక్కు చూసిండు. వార్డెనమ్మ మొఖంల నెత్తురు లేదు. కని ఆమె ఎంత హుషారో. ఆయన దిక్కు చూడలే, నా దిక్కు చూసింది.

"లీడర్! లే. సారుకు చెప్పు. మన హాస్టల్ల అందరికి గుడ్డు వస్తదా, రాదా? ఒలిచేది నువ్వు, వడ్డించేది నువ్వు. చెప్పు."

లేచి నిలవడ్డ. మా నాయిన గేటు కాడ చెప్పిన మాట యాదికొచ్చింది. అన్నం పెడ్తరు. గిదంత సాకు. ఇప్పుడు చెప్పుకుంటున్న గని సాకే. నిజం చెప్పాల్నంటె, నాకు నా వరుస పోతదని భయమయింది.

"వస్తది సార్, అందరికి వస్తది" అన్న.

అక్కడ ఆగితె సరిపోతుండె. ఆగలే. "అది ఎప్పుడు గిట్లనే లేనిపోని కథలు పడ్తది సార్" అన్న.

హాలంత నవ్వింది. పెద్దసారు గూడ నవ్విండు. నా దోస్తును దగ్గరికి పిలిచి, జేబుల పెన్ను తీసి ఆమెకు ఇచ్చిండు. "కథ మంచిగ కట్టినవ్ బిడ్డా. లెక్క గూడ కరెక్టే" అన్నడు. మా లెక్కల సారు కింద నేల చూస్తుండె. ఆయనకు తెలుసు. ఆయన గూడ ఒక్క మాట మాట్లాడలే. అటెనుక అందరు కలిసి వార్డెనమ్మ గదిల కూసొని తిన్నరు. కోడికూర. పైన నాలుగు గుడ్లు.

*

మూడో దినం పెట్టెలు తనిఖీ చేయాలె అన్నది వార్డెనమ్మ. డెబ్బై రెండు పెట్టెలల్ల ఒక్క పెట్టెనే తెరిచింది. నా దోస్తు పెట్టెల బట్టల కింద పిరికెడు గుడ్డు పెంకులు దొరికినయ్. వారం వారం ఆ పెంకులు పారబోసేది మేము లీడర్లం. అవి అక్కడికి ఎట్ల వచ్చినయో అడిగేటోళ్ళు లేరు.

"గుడ్లు ఎటు పోతున్నయని సార్‌ను అడిగినవ్ గద. గిటు పోతున్నయ్" అన్నది వార్డెనమ్మ.

వాళ్ళ నాయినకు కబురు పోయింది. తెల్లారి ఆయన బస్సు దిగి నడుచుకుంట వచ్చిండు. బిడ్డకు ఏమైందో తెలువక, వార్డెనమ్మకు ఇద్దామని గంపెడు సీతాఫలాలు నెత్తిన పెట్టుకొని వచ్చిండు. గేటు బయటనే నిలబెట్టి చెప్పిన్రు, నీ బిడ్డ దొంగతనం చేసిందని. ఆయనకు తెలుగు సరిగ రాదు. "సదువు సగమే అయింది గదమ్మా" అని ఒక్క మాటనే మళ్ళ మళ్ళ అన్నడు. సీతాఫలాల గంప లోపటికి తీసుకున్నరు. బిడ్డను బయటికి పంపిన్రు.

నేను బావి కాడ నిలబడి చూసిన. ఆమె పెట్టె నెత్తిన పెట్టుకొని పోయింది. ఎనుకకు మర్లి చూడలే. నేను చూస్తదేమో అని భయపడ్డ. చూడకపోయేసరికి ఇంకా ఎక్కువ భయమయింది.

*

సెలవులకు ఇంటికి పోయిన. ఊరంత తంగేడు పూలు. మా అవ్వ బతుకమ్మ పేరుస్తుంటె పక్కన కూసున్న. సత్తుపిండి పెడ్తె చేతులనే పట్టుకొని కూసున్న. అవ్వ చూసింది.

"ఏందే, మొఖం గట్ల పెట్టినవ్?"

అంత చెప్పిన. నేను అన్న మాట గూడ చెప్పిన. అవ్వ పూలు పేర్చుడు ఆపింది. ఎత్తుకొని ఓదారుస్తదనుకున్న. ఓదార్చలే.

"నువ్వు వడ్డించేదానివా, కాదా?"

"వడ్డించేదాన్నే."

"గంటె ఎవరి చేతుల ఉన్నది?"

"నా చేతుల."

"మరి ఏడుసుడెందుకు? పోయిన పిల్లను తేలేవు. ఉన్నోళ్ళున్నరు గద, ఇంకా ఎనుక కూసొని. సిగ్గుండాలె" అన్నది. అని మళ్ళ పూలు పేర్చింది. ఆ దినమంత నాతోటి మాట్లాడలే.

సెలవులయినంక మొదటి ఆదివారం. నలభై ఎనిమిది గుడ్లు ఒలిచినం. వంట అవ్వ బకెటు నా చేతికిచ్చింది. నేను ముంగటికి పోలే. సక్కగ చివరికి పోయిన.

చివరి వరుసల పదకొండు మందే ఉన్నరు. కిటికి పక్కన ఖాళీ. గుడ్డు తలెల పడంగనే చిన్న పిల్ల ఒకతి "అక్కా, గిది నాకేనా?" అని అడిగింది. నేను పోతనే ఉన్న. అయిదో వరుస, నాలుగో వరుస, మూడో వరుస. అటెనుక బకెట్ల ఒక్క గుడ్డు మిగిలింది. ముంగటి రెండు వరుసలకు పులుసు పోసిన.

ముంగటి వరుసల లొల్లి లేచింది. "మా గుడ్లేవి? మా గుడ్లేవి?" కొందరు ఏడిసిన్రు. ఏడుపు తప్పు కాదు, వాళ్ళు గూడ పిల్లలే. కని చివరి రెండు వరుసలోళ్ళు ఎన్ని ఆదివారాలు పులుసు తిన్నరు, ఒక్కతి గూడ గట్ల ఏడ్వలే. నాకు గది చూసి ఇంకా కోపమొచ్చింది.

మిగిలిన ఆ ఒక్క గుడ్డు నా దోస్తుది. పదకొండు మందే ఉండబట్టి మిగిలింది. అది నేనే తిన్న. ఆకలయింది. వంటింటి గోడకు ఒరిగి నిలబడి రెండు బుక్కలల్ల తిన్న. గది గూడ రాయాలె గద.

వార్డెనమ్మ చింత బరిగెతోటి కొట్టింది. రెండు చేతులు వాసినయ్. లీడర్ పదవి పోయింది. నూనె సీసా గుంజుకున్నది. కని అటెనుక వారం బకెటు పట్టుకున్న కొత్త లీడరు ఏం చేసిందో తెలుసా? ఆమె గూడ చివరి నుంచే మొదలుపెట్టింది. ఎందుకంటె వంట అవ్వ "ఎనుక నుంచి పో, లేకుంటె బకెటు ఇయ్య" అన్నదట. ముసల్ది అన్నేండ్లు ఏం మాట్లాడలే. ఆ దినం మాట్లాడింది.

రెండు వారాలల్ల ముంగటి వరుస పిల్లల నాయినలు వచ్చిన్రు. మోటరు సైకిలు మీద ఒకాయన, జీపుల ఒకాయన. హాల్ల నిలబడి అరిసిన్రు. అంతే, ఆ పెద్దసారే ఉరుక్కుంట వచ్చిండు. "గుడ్లు ఎటు పోతున్నయ్?" అని గట్టిగ అడిగిండు. ఈ సారి లెక్కలల్ల రాదని అనలే. నవ్వలే. వార్డెనమ్మను ఇంకో హాస్టలుకు మార్చిన్రు. అంతే. అక్కడ గూడ ఆడపిల్లలే, అక్కడ గూడ వరుసలే. అటెనుక ఏమైందో అడిగేటోడు లేడు.

మా హాస్టల్ల మాత్రం ఆదివారం అందరికి గుడ్లు వచ్చినయ్. నా దోస్తును ఎవ్వరు తిరిగి పిలువలే. లెక్కల సారు దగ్గరికి పోయి అడిగిన, ఒక ఉత్తరం రాయమని. "చూద్దామమ్మా" అన్నడు. ఆయన గూడ తరువాత బదిలీ మీద పోయిండు.

*

నేను సదువుకున్న. టీచరయిన. గూడూరు దిక్కు బడులల్ల చాన ఏండ్లు పనిచేసిన. నా కండ్లు ఎప్పుడు ఆ తండాల దిక్కే. అడుగుతె, లగ్గమయింది, మిరపకాయ ఏరనీకి పోయిన్రు, భూపాలపల్లి దిక్కు పోయిన్రు అని ఒక్కరు ఒక్క మాట చెప్తుండె.

ఒకనాడు అంగట్ల మ్యాకల బజారు కాడికెల్లి నడుస్తున్న. ఒకామె మ్యాకను రెండు చేతుల ఎత్తి, బరువు అంచనా కట్టి, మొగోళ్ళతోటి గట్టిగ బేరం చేస్తుంది. మాట ఆగినంక ఒంటి కాలు మీద నిలవడ్డది.

పేరు పెట్టి పిలిచిన. చూసింది. గుర్తుపట్టింది. ఆ మొఖంల సంబురం లేదు, కోపం లేదు.

"ఓ, లీడరా" అన్నది.

టీ తాగుదామన్న. ఒద్దన్నది. పనున్నది అన్నది. నేను అక్కడనే, మ్యాకల నడిమిట్ల నిలబడి "తప్పయింది. గప్పుడు అబద్ధం చెప్పిన. ఇన్నేండ్లు అది నన్ను తింటుంది" అన్న.

ఆమె మ్యాక తాడు చేతికి చుట్టుకున్నది.

"పెంకులు పెట్టెల ఏసింది వార్డెను. దాని మీద నాకు కోపం లేదు. అది దొంగ, దొంగ పని చేసింది. నువ్వు ఏమన్నవో యాదికున్నదా?"

"ఉన్నది."

"కథలు పడ్తది అన్నవ్. గేటు కాడ వార్డెను మా నాయినకు గదే చెప్పింది, దీని దోస్తే అన్నది, ఇది కథలు పడ్తదట అని. తొవ్వంత మా నాయిన ఏం మాట్లాడలే. తండా దగ్గరికి వచ్చినంక అడిగిండు, నిజంగ నువ్వే తిన్నవా బిడ్డా అని. లేదు అన్న. నమ్మలే. అటెనుక నేను సదువుకుంట అన్న, కథలు పడకు అన్నరు. లగ్గం ఇప్పుడే ఒద్దు అన్న, కథలు పడకు అన్నరు. మొదటి కాన్పుల కడుపుల నొప్పి లేస్తుంది, దవాఖానకు తీస్కపోండ్రి అన్న. మా అత్త ఏమన్నదో తెలుసా?"

తెలుసు అన్నట్టు తల ఊపిన.

"ఆ పిల్ల దక్కలే" అన్నది.

నేను ఏడిసిన. ఆమె ఏడ్వలే. నన్ను ఊకుండబెట్టలే. మ్యాక తాడు సవరించుకుంట అడిగింది.

"నేను పోయినంక గుడ్లు దొరికినయా?"

"దొరికినయ్. అందరికి."

"నేను లేను గద. అందరు ఎట్లయితరు?" అన్నది. అని, మ్యాకను గుంజుకొని అటు తిరిగింది. ఎవరో బేరగాడు పిలుస్తున్నడు. పోయింది.

గదే ఆఖరు. మళ్ళ కనవడలే. ఎతికింది గూడ లేదు నేను, సిగ్గుతోటి.

ఇప్పుడు నాకు బీపీ ఉన్నది. పొద్దుగాల ఒకటి, మాపటీలి ఒకటి గోలీ ఏసుకుంట. దవాఖానల డాక్టరమ్మ చిన్నపిల్ల, నా బిడ్డ అసొంటిది. పోయినప్పుడల్ల "కోపం తగ్గించుకో అమ్మా, పాత సంగతులు మనసుల పెట్టుకోకు" అంటది. అన్ని కోపాలు తగ్గించుకుంటున్న. కోడలి మీద, పక్కింటోళ్ళ మీద, పింఛను ఆఫీసు మీద. వార్డెను మీద, నవ్విన పెద్దసారు మీద, నేల చూసిన లెక్కల సారు మీద, పన్నెండేండ్ల ఆ లీడరు పిల్ల మీద ఉన్న కోపం మాత్రం తగ్గించుకోను. ఏ గోలీకి తగ్గనియ్య. ఇది చల్లారిందంటె, ఆ దినం హాల్ల నేనన్నదే నిజమయితది. నా దోస్తు చెప్పింది కథ అయితది.